మూత తీసి చూసిన మనిషి

మొన్న వేసవిలో, పదో తరగతి పరీక్షలయ్యాక, ఒకరోజు మధ్యాహ్నం మా అమ్మాయి మోచేతుల దాకా నల్లనూనె పూసుకుని వంటింట్లోకి వచ్చింది. చేతిలో నా కుక్కరు గ్యాస్కెట్ లాంటి రేకు ముక్క ఒకటుంది. అంచున ఒకచోట కాలి, చిల్లుపడి ఉంది. కొట్టంలో మూలన పడి ఉన్న వాళ్ళబ్బ ఆయిలింజను మూత విప్పి చూసిందట. ఆ ఇంజను ఎందుకు ఆగిపోయిందో తనకిప్పుడు తెలిసిందని ఒకటే సంబరం. నేను మాత్రం ఆ రేకు ముక్కను చూస్తూ అలాగే కూర్చుండిపోయాను. ఆ చిల్లు మా రెండెకరాల పంటను మింగిన చిల్లు మరి!

మాది నల్లమాడ. ఒకప్పటి అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఎర్రనేలలు, గుట్టలు, శెనక్కాయ పంట. వాన కోసం మొగులు వైపు చూసే బతుకులు మావి. నేను కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో మా బావిలో ఇంకా కొంచెం నీళ్ళుండేవి. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి, బావి గట్టున డీజిలింజను ఉండేది. ఒక ఏడు శెనగ చెట్లు ఊడలు దిగే సమయానికి వాన మొహం చాటేసింది. ఒక్క తడి ఇస్తే పంట దక్కుతుంది. సరిగ్గా అప్పుడే ఇంజను మొరాయించింది. తిరుగుతుంది, పొగ కక్కుతుంది, డీజిలు రెట్టింపు తాగుతుంది, కానీ నీళ్ళు ఎత్తదు. కదిరి నుంచి మెకానిక్కు రావడానికి నాలుగు రోజులు పట్టింది. గ్యాస్కెట్ కాలిపోయింది, హెడ్డు వంగింది, లేతు మిషను మీద చదును చేయించాలన్నాడు. ఆ పని అయ్యేసరికి చేలో చెట్లు వాలిపోయాయి. తర్వాత బావీ ఎండింది, బోరు వేశాం, ఇంజను కొట్టంలోకి చేరింది. అది మళ్ళీ మొరాయించిన రోజున దాన్ని పట్టించుకున్నవాళ్ళే లేరు. ఇన్నాళ్ళూ అందులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటూ ఉన్నాయి.

ఇప్పుడు మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో మెకానికల్ బ్రాంచి తీసుకుంటానంటుంది. మా మామకు ఇష్టం లేదు. ఆడపిల్ల స్పానర్లు పట్టుకుని ఏం చేస్తుంది, కంప్యూటర్లు చదివితే నీడపట్టున కూర్చుని ఉద్యోగం చేసుకోవచ్చు కదా అని ఆయన బాధ. మా ఆయన ఎటూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే నాకూ మనసు ఊగిసలాడింది. ఆ ఊగిసలాటలో ఉండగా నాకు గుర్తొచ్చిన మనిషి జి.డి.నాయుడు గారు. మా బోరులో దించిన మోటారు మీద కోయంబత్తూరు పేరు ఉంటుంది. ఆ ఊరికి మోటార్ల ఊరన్న పేరు రావడానికి కారణమైనవాళ్ళలో ఆయన ఒకరు. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టినవాడు. తమిళనాడులో చిన్నపిల్లలకు కూడా ఆయన పేరు తెలుసు. మన దగ్గరే తక్కువమందికి తెలుసు.

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి వ్యవసాయదారుడు. పుట్టిన కొన్నాళ్ళకే తల్లి పోయింది. బడి అంటే ఆయనకు గిట్టలేదు. ప్రాథమిక తరగతులు దాటకుండానే చదువుకు స్వస్తి చెప్పారు. ఇలాంటి పిల్లవాణ్ణి మనం ఏమంటామో మీకు తెలుసు. మన ఇళ్ళల్లోనూ ఒకడుంటాడు. పలక విసిరేస్తాడు కానీ గడియారం పాడైతే మాత్రం దాని ముందునుంచి లేవడు.

1912 ప్రాంతంలో ఆ కుర్రాడు మొదటిసారి ఒక మోటారుసైకిలు చూశాడు. ఒక తెల్లదొర ఎక్కి తిరిగే రడ్జ్ బండి అది. ఎద్దు లేదు, గుర్రం లేదు, తనంతట తాను పరిగెత్తుతోంది. ఆ బండి ఎలాగైనా కావాలనుకున్నాడు. కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వరుగా చేరి, పైసా పైసా కూడబెట్టి, 300 రూపాయలిచ్చి ఆ బండినే కొన్నాడట. ఆ రోజుల్లో 300 రూపాయలంటే చిన్న మొత్తమా? అంత కష్టపడి కొన్న బండి ఎక్కి ఊరంతా తిరిగాడనుకుంటున్నారేమో... ఇంటికి తెచ్చి ముక్క ముక్క విప్పేశాడు! ఏ ముక్క ఎందుకుందో చూసుకుంటూ మళ్ళీ బిగించాడు. ఆయన కాలేజీ అదే, గురువూ అదే.

ఇక్కడ కొంచెం ఆగి, ఆ కుర్రాడు విప్పిన బండిలో ఏముంటుందో చెప్పాలి. మెకానిక్కులు హెడ్డు అనే మాట మనం వింటూనే ఉంటాం, అదేమిటని మాత్రం అడగం. మా అమ్మాయి నాకు చెప్పింది, నేను నా వంటింటి భాషలోకి మార్చుకున్నాను.

ఇంజను సిలిండరు ఒక నిలువు గిన్నె అనుకోండి. అందులో పైకీ కిందికీ ఆడేది పిస్టన్. ఆ గిన్నె మీద బిగించిన బరువైన మూతే సిలిండరు హెడ్డు. రెండింటి మధ్యా గాలి పోకుండా గ్యాస్కెట్ ఉంటుంది, అచ్చం మన కుక్కరుకు ఉన్నట్టే. అయితే ఇది వట్టి మూత కాదు. గాలి, పెట్రోలు కలిసి లోపలికి వచ్చే వాకిలి, కాలిన పొగ బయటికి పోయే వాకిలి సాధారణంగా ఇందులోనే ఉంటాయి. ఆ వాకిళ్ళకు తలుపులే వాల్వులు. నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గు ఉండేదీ ఇక్కడే. మంట మండే గది కప్పు కూడా ఇదే. డీజిలింజనులోనైతే ప్లగ్గు బదులు నూనె చిమ్మే నాజిలు ఉంటుంది. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది.

ఇంజను బలమంతా మూడు విషయాల మీద ఆధారపడుతుంది. లోపలికి ఎంత గాలి వచ్చింది, దాన్ని ఎంత గట్టిగా నొక్కాం, అది ఎంత త్వరగా, ఎంత శుభ్రంగా మండింది. మూడింటిలోనూ హెడ్డు మాటే చెల్లుతుంది. వాకిళ్ళు ఇరుకైతే గాలి చాలదు. దారి వంకరటింకరగా ఉంటే వేగం పెరిగేకొద్దీ ఇంజనుకు ఊపిరాడదు. మంట గది బల్లపరుపుగా, మూలలూ సందులూ ఉండేలా చేస్తే నిప్పు ఒక మూల నుంచి రెండో మూలకు చేరేలోపు అక్కడున్న గాలి వేడెక్కి తనంతట తానే పేలుతుంది. అప్పుడే ఇంజను టకటకమని కొట్టుకుంటుంది. ఆ భయం వల్లే పాతకాలం పెట్రోలింజన్లలో గాలిని నాలుగైదు వంతులకు మించి నొక్కేవాళ్ళు కాదు. ఇప్పుడు పది వంతుల దాకా, కొన్నింటిలో అంతకు మించీ నొక్కుతున్నారు. డీజిలింజన్లలో అది పదహారు, ఇరవై వంతుల దాకా ఉంటుంది. గ్యాస్కెట్‌కు చిల్లు పడితే ఆ నొక్కుడంతా సందులోంచి జారిపోతుంది. కుక్కరు మూత పక్కనుంచి ఆవిరి తన్నుకుపోతుంటే పప్పు ఎంతసేపు ఉడికిస్తే ఉడుకుతుంది? మా ఇంజను డీజిలు తాగి నీళ్ళెత్తకపోవడానికి కారణం అదే!

నాయుడు గారి తొలి బండి కాలంలో రడ్జ్ ఇంజన్లకు గాలి వచ్చే వాల్వు పైన, పొగ పోయే వాల్వు పక్కన ఉండేవి. మంట గదికి ఒక పక్క జేబులాంటి సందు మిగిలేది. అదే కంపెనీ 1924లో ఒక కొత్త హెడ్డు చేసింది. రెండు పెద్ద వాల్వులకు బదులు నాలుగు చిన్న వాల్వులు పెట్టింది. గుండ్రటి పళ్ళెంలో రెండు పెద్ద అప్పాలు పెడితే చుట్టూ ఎంత ఖాళీ మిగులుతుందో చూడండి. అదే నాలుగు చిన్నవి పేరిస్తే పళ్ళెం బాగా నిండుతుంది. అంటే వాకిళ్ళ వెడల్పు మొత్తం మీద పెరిగింది. చిన్న తలుపులు తేలిక కాబట్టి గబగబా తెరుచుకుని మూసుకుంటాయి. హెడ్డు లోపలి కప్పును పెంకుటింటి కప్పులా రెండు వాలులుగా చేసి, ప్లగ్గును మధ్యకు తెచ్చారు. నడి ఇంట్లో దీపం పెడితే అన్ని మూలలకూ వెలుగు సమంగా పడ్డట్టు, మంట అన్ని వైపులకూ ఒకేసారి పాకింది. సిలిండరు పెద్దది కాలేదు, బలం మాత్రం పెరిగింది. 1928లో గ్రాహం వాకర్ అనే ఆయన ఈ నాలుగు వాల్వుల రడ్జ్ మీద అల్‌స్టర్ గ్రాండ్ ప్రీ పందెం గెలిచారు. సగటు వేగం గంటకు 80 మైళ్ళ పైన, అంటే సుమారు 128 కిలోమీటర్లు. ఈ రడ్జ్ కంటే ముందే, 1912లో, పెజో కంపెనీ పందెం కారు నాలుగేసి వాల్వుల ఇంజనుతో ఫ్రెంచి గ్రాండ్ ప్రీ గెలిచింది. ఈనాడు మన వీధుల్లో తిరిగే చాలా కార్లలో సిలిండరుకు నాలుగు వాల్వులే ఉంటున్నాయి.

మళ్ళీ మన నాయుడు గారి దగ్గరికి వద్దాం. బండి విప్పి బిగించిన కుర్రాడు మెకానిక్కు అయ్యాడు. 1920లో ఒక బస్సు సంపాదించి, పొళ్ళాచ్చి నుంచి పళనికి తానే నడిపాడు. కోయంబత్తూరులోని స్టేన్స్ దొర ఆయనకు అండగా నిలిచారు. ఒక్క బస్సుతో మొదలైన ఆ యూనివర్సల్ మోటార్ సర్వీస్ 1930ల కల్లా రెండు వందలకు పైగా బస్సులున్న పెద్ద సంస్థ అయ్యిందని రాస్తారు. దేశంలోనే చక్కగా నడిచే సర్వీసుల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. ఆయన షెడ్డులో ఎందరో కుర్రాళ్ళు పని నేర్చుకున్నారు.

ఆయన మూత తీసి చూడటం ఇంజన్లతో ఆగలేదు. జర్మనీ వెళ్ళినప్పుడు బ్యాటరీలతో నడిచే చిన్న మోటారు పెట్టిన గడ్డం గీసుకునే యంత్రం తయారు చేశారు. దాని పేరు రసంత్. పలచటి బ్లేళ్ళు, పండ్లరసం తీసే మిషను, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, మోసం చేయడానికి వీల్లేని ఓటు యంత్రం... ఆయన చేసినవి చాలానే ఉన్నాయి. కరెంటు లేని ఇంట్లో కిరసనాయిలు ఫ్యాను! ఎండాకాలం మధ్యాహ్నం పొయ్యి దగ్గర కూర్చున్న ఆడవాళ్ళను తలుచుకుంటే దాని విలువేమిటో నాకు తెలుస్తుంది. 1937లో డి.బాలసుందరం నాయుడు గారితో కలిసి, కోయంబత్తూరు పీళమేడులో దేశంలోనే మొదటిదని చెప్పే విద్యుత్ మోటారు తయారు చేయించారు. ఆ ఊరు మోటార్లకూ పంపులకూ దేశమంతటికీ పుట్టిల్లు కావడం ఆ తర్వాతి కథ. ఇవాళ నల్లమాడలో మా బోరు ఎత్తి పోసే ప్రతి బిందె నీటిలోనూ ఆ కథ కొంత ఉంది.

సామాన్యుడికి అందుబాటులో ఉండాలి అన్నది ఆయన పట్టు. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని 1941లో ప్రకటించారు. (రేడియోలో వాల్వులు వేరు, అవి గాజు గొట్టాలు. మా అమ్మాయి ఈ మాట రాయకపోతే ఊరుకోనంది.) 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు చేశారు. ధర 2,000 రూపాయలు. కానీ దాన్ని ఎక్కువ సంఖ్యలో తయారు చేయడానికి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఆ కారు అక్కడితో ఆగిపోయింది. మధ్యతరగతి ఇంటి ముందుకు చిన్న కారు రావడానికి మనం 1980ల దాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

ఆ తర్వాత జరిగింది చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. పన్నుల భారం మీద, ప్రభుత్వ ధోరణి మీద కోపంతో, 1950లలో ఆయన తాను చేసిన వస్తువులను నలుగురి ఎదుటా పగలగొట్టించారని చెబుతారు. ఇంట్లో కోపమొస్తే గిన్నెలు విసిరే మగవాళ్ళను మనం చూస్తూనే ఉంటాం. మొదట నాకూ అదే అనిపించింది. ఆ వస్తువులు ఆయన ఒక్కడివేనా, వాటికి రెక్కలు ముక్కలు చేసుకున్న కార్మికులవి కావా? ఆ పని సరైనదని నేను ఇప్పటికీ అనలేను. కానీ ఒక్కో ముక్కా విప్పి, మళ్ళీ జాగ్రత్తగా బిగించడమే బతుకుగా ఉన్న మనిషి, తిరిగి బిగించడానికి వీల్లేకుండా పగలగొట్టాడంటే ఎంత విసిగి ఉంటాడు? కష్టపడి పండించిన టమోటాలను ధర లేక రోడ్డు మీద పారబోసే రైతును మా వైపు చూసినవాళ్ళకు ఆ విసుగు కొత్త కాదు.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకుంది చదువు విషయంలో ఆయన చేసిన పని. బడి గిట్టని ఆ మనిషే, 1945 నాటికి తన విరాళాలతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఇంజనీరింగు కాలేజీ వచ్చేలా చేశారు. తానే ప్రిన్సిపాలుగా ఉన్నారు. మూడు నాలుగు తరగతుల చదువున్న ప్రిన్సిపాలు! నాలుగేళ్ళ కోర్సు దండగ, సరిగ్గా చెబితే రెండేళ్ళు చాలునని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేశారు. ఆ కాలేజీయే ఈనాటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. రెండేళ్ళు చాలునో లేదో చెప్పేంత తెలివి నాకు లేదు. ఒకటి మాత్రం నాకు అర్థమైంది. ఆయన బడిని కాదన్నారే కానీ నేర్చుకోవడాన్ని కాదనలేదు. చేతులు నల్లబడని చదువునే ఆయన నమ్మలేదు.

1974 జనవరి 4న నాయుడు గారు కన్నుమూశారు. ఆయన వస్తువులు, సేకరించిన యంత్రాలు కోయంబత్తూరు మ్యూజియంలో ఉన్నాయి. 2025లో ఆ ఊళ్ళో అవినాశి రోడ్డు మీద కట్టిన పది కిలోమీటర్ల పొడవైన వంతెనకు ఆయన పేరు పెట్టారు. భారతదేశపు ఎడిసన్ అని పిలుస్తారు ఆయన్ని. నాకు మాత్రం హోటల్లో ఇడ్లీ ప్లేట్లు అందిస్తూ, మనసంతా వీధిలో పోయే బండి మీద పెట్టుకున్న కుర్రాడే కళ్ళ ముందు కదులుతాడు.

ఈ కథంతా ఒకరోజు రాత్రి అన్నాల దగ్గర మా మామకు చెప్పాను. ఆయన ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. ఆయన మగపిల్లవాడు కదా అని మా అత్త మెల్లగా అంది. నిజమే. ఒక ఆడపిల్ల ఆ రోజుల్లో హోటల్లో పనిచేసి, బండి కొని, నడివాకిట్లో విప్పి కూర్చుంటే ఆ ఊరు ఊరుకునేదా? ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ ఏడు మా చేను ఎండినప్పుడు, ఇంజను మూత విప్పి చూడటం తెలిసినవాళ్ళు ఇంట్లో ఒక్కరున్నా నాలుగు రోజులు ఎదురుచూసేవాళ్ళం కాము కదా అన్నాను. అది ఆడదైతేనేం, మగవాడైతేనేం? ఎండే చెట్టుకు ఆ తేడా తెలియదు. ఆ మాటకు మా మామ తినడం ఆపి నా వైపు చూశారు. ఆ ఏడు చేనిగట్టున తలకు గుడ్డ చుట్టుకుని కూర్చుండిపోయింది ఆయనే.

తెల్లారి మా అమ్మాయి కొట్టంలోకి వెళ్ళేసరికి ఇంజను దగ్గర కోళ్ళ గంప లేదు. ఎవరో పక్కకు జరిపి, నేలంతా ఊడ్చిపెట్టారు. ఇంజను పక్కన పాత డాల్డా డబ్బాలో, ఇన్నేళ్ళూ అటక మీద దాచిన స్పానర్లు కిరసనాయిలులో నానుతున్నాయి. అబ్బ ఏమన్నారని అడిగితే, హెడ్డు నట్లు ఒక పక్క నుంచి వరసగా బిగించకూడదట, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలట, లేకపోతే మళ్ళీ వంగుతుందని చెప్పారట. అంతే!

మెకానికల్ బ్రాంచికి ఆప్షను పెట్టాం. సీటు వస్తుందో రాదో చూడాలి. ఈలోగా కదిరికి వెళ్ళి కొత్త గ్యాస్కెట్ తేవాలి. బావిలో నీళ్ళు లేవు కదా, ఇంజను బాగుచేసి ఏం లాభమని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. తిరుగుతుందో లేదో చూడటానికి అంది మా అమ్మాయి.